ఫోర్ బేరింగ్‌కీ బ్యాక్ బేరింగ్‌కీ తేడా 180 రావట్లేదు, కంపాస్ చెడిపోయినట్టేనా?

మొదటి_ముల్లు
సర్వే ప్రాక్టికల్‌లో ప్రిస్మాటిక్ కంపాస్‌తో నాలుగు స్టేషన్ల క్లోజ్డ్ ట్రావర్స్ చేశాం, అంటే ఏ నుంచి బి, సి, డి మీదుగా కొలుచుకుంటూ మళ్లీ ఏ దగ్గరికే వచ్చాం. ఏ లైనుకైనా ఫోర్ (మొదటి కొస నుంచి ముందుకి చూసింది), బ్యాక్ (రెండో కొస నుంచి వెనక్కి చూసింది) బేరింగుల తేడా 180 డిగ్రీలు ఉండాలి కదా. మాకు ఒక్క ఏబీకే వచ్చింది.

ఏబీ: ఫోర్ 45°30′, బ్యాక్ 225°30′
బీసీ: ఫోర్ 120°00′, బ్యాక్ 301°30′
సీడీ: ఫోర్ 211°45′, బ్యాక్ 29°30′
డీఏ: ఫోర్ 318°00′, బ్యాక్ 138°45′

మా బ్యాచ్‌లో ఒకడు తేడాని సగం సగం పంచేయమంటాడు. ఇంకొకడు డెక్లినేషన్ (అయస్కాంత ఉత్తరానికీ నిజ ఉత్తరానికీ ఉన్న తేడా) కలిపితే సరిపోతుందంటాడు. రికార్డు రాయాలి, టెన్షన్‌గా ఉంది. అసలు ఈ డబ్బాలో అంకెలే తలకిందులుగా ఉన్నాయి, సున్నా వెళ్లి దక్షిణం దగ్గర కూర్చుంది. పరికరమే పాడైందా?

గొలుసు_మనిషి
పరికరాన్ని ఏమీ అనకు. సి, డి స్టేషన్ల దగ్గర చుట్టుపక్కల ఏమున్నాయో చెప్పు ముందు. గేటు, స్తంభం, బండి, ఏదైనా సరే.

మొదటి_ముల్లు
సి పక్కనే ఇనుప కంచె. డి దగ్గర ఏమీ లేదు, ఖాళీ స్థలం.

గొలుసు_మనిషి
డి దగ్గర రీడింగులు రాసుకున్నవాడు ఎక్కడ నిలబడ్డాడు? కొలిచే గొలుసు, యారోలు (నేలలో గుచ్చే ఇనుప పుల్లలు) ఎవరి దగ్గరున్నాయి?

మొదటి_ముల్లు
వాడి భుజం మీదే ఉన్నాయి. కంపాస్ పక్కనే నిలబడి రాశాడు.

గొలుసు_మనిషి
దొరికాడు దొంగ.

మూడో_కాలు
😂 డి దగ్గర "ఏమీ లేదు", ఇనుప గొలుసు మోస్తున్న మనిషి తప్ప.

పాత_ట్రైపాడ్
తమ్ముడూ, లోకల్ అట్రాక్షన్ (దగ్గరున్న ఇనుము ముల్లుని లాగడం) సంగతి తర్వాత చూద్దాం. నీ చివరి ప్రశ్న చూస్తే బేరింగ్ అనే మాట దగ్గరే తడబడుతున్నట్టుంది, అక్కడి నుంచి మొదలుపెడతాను.

బేరింగ్ అంటే ఒక కోణం. నువ్వు నిలబడ్డ చోటు నుంచి ఉత్తరానికి ఒక గీత ఊహించుకో. ఆ గీత నుంచి గడియారం ముల్లు తిరిగే వైపుగా, నువ్వు చూస్తున్న గుర్తు దాకా ఎన్ని డిగ్రీలు తిరగాలో అదే బేరింగ్. తూర్పు 90, దక్షిణం 180, పడమర 270, ఒక చుట్టు పూర్తయితే 360. దీన్నే హోల్ సర్కిల్ బేరింగ్ అంటాం. ప్రిస్మాటిక్ కంపాస్ ఇచ్చేది ఇదే.

ఇక తలకిందుల అంకెలు. నువ్వు చదివేది నేరుగా కాదు, పట్టకంలోంచి. పట్టకం బొమ్మని తిరగేస్తుంది కాబట్టి అంకెల్ని ముందే తిరగేసి అచ్చువేశారు. సున్నా దక్షిణం దగ్గర ఎందుకంటే, నువ్వు ఉత్తరం వైపు గురిపెట్టినప్పుడు వెంట్రుక గీత ఉన్న తలుపు ఉత్తరాన ఉంటుంది, నీ కన్నూ పట్టకమూ దక్షిణపు కొసన ఉంటాయి. ఉత్తరం చూస్తుంటే 0 కనిపించాలి. మరి కన్ను ఉన్నది దక్షిణపు కొసన అయినప్పుడు ఆ 0 అక్కడే ఉండాలి కదా. అందుకే రింగు మీద దక్షిణం దగ్గర 0, పడమర దగ్గర 90, ఉత్తరం దగ్గర 180, తూర్పు దగ్గర 270.

ఈసారి మూత తీసి ఊరికే అలా చూడు. అల్యూమినియం రింగు ముల్లుకే అతుక్కుని ఉంటుంది. నువ్వు డబ్బాని ఎంత తిప్పినా రింగు తన చోటు నుంచి కదలదు. దాని చుట్టూ తిరిగేది డబ్బా, దానితోపాటు నువ్వు. ఈ ఒక్క విషయం బుర్రకెక్కితే సగం గందరగోళం పోతుంది.

మొదటి_ముల్లు
ఇన్నాళ్లూ ముల్లే తిరుగుతోందనుకున్నా 🙏 మరి సర్వేయర్ కంపాస్‌లో తూర్పు, పడమర తారుమారుగా ఎందుకు ఉంటాయి? అక్కడ పట్టకం కూడా లేదు కదా.

పాత_ట్రైపాడ్
అక్కడ వ్యవహారం తిరగబడుతుంది. గీతలున్న రింగు డబ్బాకి బిగించి ఉంటుంది, ముల్లు విడిగా ఉంటుంది. ఉత్తరం నుంచి తూర్పు వైపుకి గురి తిప్పావనుకో. డబ్బా కుడివైపుకి తిరిగింది, ముల్లు ఉత్తరంలోనే ఆగిపోయింది. పైనుంచి చూస్తే ముల్లు కొస రింగు మీద ఎడమ పక్కన ఉంటుంది. మామూలుగా రాస్తే అక్కడ పడమర అని ఉండాలి, కానీ నువ్వు చూస్తున్నది తూర్పు. అందుకే ఎడమ పక్కన తూర్పు అని రాసేశారు. ముల్లు కొస దగ్గర ఏముంటే అది రాసుకోవడమే, బుర్ర పెట్టనక్కర్లేదు.

మినిట్స్_లెక్క
సర్వేయర్ కంపాస్ ఇచ్చేది క్వాడ్రంటల్ బేరింగ్, అది కూడా చెప్పండి. పరీక్షలో మార్చమని కచ్చితంగా అడుగుతారు. ఉత్తరం లేదా దక్షిణం, ఏది దగ్గరైతే అక్కడి నుంచి 90 లోపు కొలుస్తారు. పై రీడింగులనే తీసుకుంటే 120°00′ అంటే దక్షిణం 60°00′ తూర్పు. 211°45′ అంటే దక్షిణం 31°45′ పడమర. 318°00′ అంటే ఉత్తరం 42°00′ పడమర. ఎప్పుడూ తూర్పు, పడమరల నుంచి మొదలుపెట్టి కొలవకూడదు.

నక్షా_నాగు
నాకు మొదటి నుంచీ ఈ క్వాడ్రంటల్ పద్ధతంటే పడదు. 0 నుంచి 360 దాకా హాయిగా ఉన్నదాన్ని నాలుగు ముక్కలు చేసి, అక్షరాలు తగిలించి, ఒక అక్షరం తప్పు రాస్తే లైను ఎదురు దిక్కుకి పోయేలా చేసుకోవడం ఎందుకు?

మినిట్స్_లెక్క
సైన్, కొసైన్ పట్టికలు చూసి చేత్తో లెక్కలు కట్టే కాలంలో 90 లోపు కోణమే కావాలి. లాటిట్యూడ్ (లైను ఉత్తర-దక్షిణ భాగం), డిపార్చర్ (తూర్పు-పడమర భాగం) గుర్తులు ఆ అక్షరాల నుంచే వచ్చేస్తాయి, ఉత్తరం అయితే ప్లస్, పడమర అయితే మైనస్. ఇప్పుడు కాలిక్యులేటర్ ఉంది కాబట్టి నీకు పడట్లేదు.

నక్షా_నాగు
కాలిక్యులేటర్ ఉంది కాబట్టే కదా వదిలేయమంటున్నాను.

మినిట్స్_లెక్క
సరే, ఇక లెక్కలోకి వద్దాం. సగం సగం పంచేయమన్న స్నేహితుడి మాట ఇక్కడ వినకు.

ఏబీలో తేడా సరిగ్గా 180. అంటే ఏ, బి దగ్గర ఆకర్షణ లేదని తీసుకుంటాం. లోకల్ అట్రాక్షన్ లైనుకి పట్టదు, స్టేషన్‌కి పడుతుంది. ఒక స్టేషన్‌లో తీసిన రీడింగులన్నీ ఒకే వైపు, ఒకే మోతాదులో తప్పుతాయి. మొత్తం లెక్క దీనిమీదే నిలబడి ఉంది.

బి బాగుంది కాబట్టి అక్కడ తీసిన బీసీ ఫోర్ 120°00′ సరైనదే. సి నుంచి వెనక్కి చూస్తే 300°00′ రావాలి, వచ్చింది 301°30′. అంటే సి దగ్గర 1°30′ ఎక్కువ చూపిస్తోంది. సి దగ్గరే తీసిన సీడీ ఫోర్ 211°45′లోంచి కూడా అంతే తీసేస్తే 210°15′. దానికి బ్యాక్ 30°15′ రావాలి, డి దగ్గర వచ్చింది 29°30′. డి 45′ తక్కువ చూపిస్తోంది. డీఏ ఫోర్ 318°00′కి 45′ కలిపితే 318°45′. దాని బ్యాక్ 138°45′ కావాలి. ఏ దగ్గర నువ్వు తీసింది చూసుకో, సరిగ్గా 138°45′.

చుట్టు తిరిగి ఏ దగ్గరికి వచ్చేసరికి కలిసిపోయింది. రీడింగులు బాగా తీశారు, గొలుసు మోసినవాడి సంగతి వదిలేస్తే.

మొదటి_ముల్లు
అమ్మయ్య! కానీ ఒక డౌటు. సి 1°30′ ఎక్కువ, డి 45′ తక్కువ. ఇనుము ఒక చోట కలిపి ఇంకో చోట తీసేస్తుందా?

గొలుసు_మనిషి
ముల్లుకి ఏ పక్కన ఇనుము ఉందో దాన్ని బట్టి ముల్లు అటో ఇటో లాగబడుతుంది. ముల్లు కొస తూర్పు వైపుకి జరిగితే రింగు కూడా అటే జరుగుతుంది, రీడింగ్ తగ్గుతుంది. పడమరకి జరిగితే పెరుగుతుంది. అందుకే సవరణకి ఏ స్టేషన్ గుర్తు ఆ స్టేషన్‌దే.

తిరకాసు
అందరూ పప్పులో కాలేస్తున్నారు. ఏబీ తేడా 180 వచ్చినంత మాత్రాన ఏ, బి రెండూ క్లీన్ అని ఎవరు చెప్పారు? రెండు చోట్లా ఒకే వైపు, ఒకే మోతాదులో లాగి ఉంటే? అప్పుడు కూడా తేడా 180 వస్తుంది.

మూడో_కాలు
వచ్చాడండీ.

మినిట్స్_లెక్క
చివర్లో డీఏ కలిసింది కదా తిరకాసు గారూ, అదే చెక్.

తిరకాసు
అది చెక్ కాదు. ఏ, బి రెండూ చెరో డిగ్రీ ఎక్కువ చూపిస్తున్నాయనుకోండి. మీరు వాటిని నమ్మి సి, డి లని సవరిస్తారు. అప్పుడు నాలుగు లైన్లూ ఒక డిగ్రీ ఎక్కువే వస్తాయి, చుట్టు చక్కగా మూసుకుంటుంది. ఆకారం సరిగ్గా ఉంటుంది, మొత్తం బొమ్మ ఒక డిగ్రీ తిరిగి కూర్చుంటుంది. మీ లెక్కలో అది ఎక్కడా బయటపడదు.

పాత_ట్రైపాడ్
తిరకాసు చెప్పింది నిజం. రెండు స్టేషన్లలో ఆకర్షణ సరిగ్గా సమానంగా ఉండటం అరుదు కాబట్టి "లేదు" అని తీసుకుంటాం, అది నిరూపణ కాదు. అనుమానం ఉంటే ట్రావర్స్‌కి బయట నుంచి ఏదో ఒకటి కావాలి. బేరింగ్ ముందే తెలిసిన లైను అయినా సరే, సూర్యుణ్ణి చూసి తీసిన నిజ ఉత్తరం అయినా సరే.

విద్యార్థికి ఇంకో మాట. కోణాలు మాత్రం ఈ గొడవకి దొరకవు. సి దగ్గర నువ్వు తీసిన తప్పు రీడింగులనే తీసుకో. వెనక్కి 301°30′, ముందుకి 211°45′, తేడా 89°45′. సవరించినవి తీసుకుంటే 300°00′, 210°15′, తేడా మళ్లీ 89°45′. రెండింటినీ ఒకేలా లాగితే తేడాలో అది కొట్టుకుపోతుంది. ఇలాగే మిగతావి తీస్తే బి 105°30′, డి 71°30′, ఏ 93°15′. కూడి చూడు, నాలుగు భుజాలకి రావాల్సిన 360 వస్తుంది.

మొదటి_ముల్లు
కూడాను, సరిగ్గా 360°00′! కంచె అంత లాగినా కోణం ఇసుమంత కూడా కదల్లేదన్నమాట.

నక్షా_నాగు
మరీ సరిగ్గా వచ్చింది, నాకు అదే అనుమానం. 45′, 15′ ఎక్కడి నుంచి వచ్చాయి? ప్రిస్మాటిక్‌లో అర డిగ్రీకి ఒక గీత ఉంటుంది.

మొదటి_ముల్లు
వెంట్రుక గీత రెండు గీతల మధ్య ఆగితే 15′ అని రాశాం. తప్పా?

నక్షా_నాగు
తప్పు కాదు, అందరూ చేసేదే. 15′ని రాయిమీద గీతలా నమ్మొద్దని అంటున్నానంతే. చేతిలో పట్టుకుని తీస్తే ఆ మాత్రం ఊగుతుంది.

మూడో_కాలు
ఊగుడు అంటే గుర్తొచ్చింది. వెంట్రుక గీత ఉన్న తలుపు కింద చిన్న బ్రేక్ పిన్ను ఉంటుంది, మెల్లగా నొక్కితే రింగు ఊగడం ఆగుతుంది. చాలామంది దాన్ని ముట్టుకోరు, రింగు దానంతట అదే ఆగేదాకా నిలబడతారు. ఇంకొందరు నొక్కిపెట్టే చదివేస్తారు, అది ఇంకా ఘోరం. నొక్కి వదిలి, అది స్వేచ్ఛగా ఆగాక చదవాలి. తలుపు మడిస్తే లిఫ్టింగ్ పిన్ను నొక్కుకుని రింగు ఇరుసు మీంచి పైకి లేస్తుంది. మడవకుండా మోసుకెళ్తే ఇరుసు కొస అరిగిపోతుంది. తర్వాత ముల్లు బద్ధకంగా తిరుగుతోందని తిట్టుకోవడం.

మినిట్స్_లెక్క
సగం సగం పంచే స్నేహితుడి పరువు కొంచెం కాపాడతాను. ఏ లైనుకీ 180 రాకపోతే, తేడా అన్నిటికంటే తక్కువ ఉన్న లైను పట్టుకుని, దాని ఫోర్, బ్యాక్‌లని సగటు చేసి అక్కడి నుంచి మొదలుపెడతారు. అతను విన్నది అదే అయ్యుంటుంది. క్లీన్ లైను చేతిలో ఉండగా ఆ పని చేయకూడదు.

శాటిలైట్_రాజా
ఇవన్నీ చదువుతుంటే నవ్వొస్తోంది. డీజీపీఎస్ (శాటిలైట్లతో కచ్చితంగా చోటు కొలిచేది), టోటల్ స్టేషన్ (కోణం, దూరం కొలిచే ఎలక్ట్రానిక్ పరికరం) ఉన్న రోజుల్లో ఈ అయస్కాంతం ముక్కతో ఎవరు సర్వే చేస్తున్నారు? సిలబస్‌లో ఎందుకు ఉంచారో.

కొండదారి
కొండల్లో తిరిగేవాళ్లం మేం వాడతాం. బ్యాటరీ అయిపోయిన ఫోనుతో దారి వెతుక్కుంటూ వచ్చినవాళ్లకి దారి చూపించింది ఈ అయస్కాంతం ముక్కే.

శాటిలైట్_రాజా
పవర్ బ్యాంకు అని ఒకటి వచ్చింది అన్నా.

కొండదారి
ఉందయ్యా. ఫోను నువ్వు ఎక్కడున్నావో చెప్తుంది. నువ్వు కదలకుండా నిలబడి ఉంటే ఎటు చూస్తున్నావో శాటిలైటుకి తెలియదు. అప్పుడు ఫోను కూడా లోపలున్న మాగ్నెటోమీటర్‌నే అడుగుతుంది, అంటే మళ్లీ అదే భూమి అయస్కాంతం. దానికీ ఇనుము పడదు. మూతకి అయస్కాంతం ఉన్న ఫోను కవరు వేసుకుని "ఉత్తరం ఇటు" అని దక్షిణం చూపించినవాణ్ణి చూశాను.

శాటిలైట్_రాజా
కవరు తీసేసి, ఫోనుని గాల్లో ఎనిమిది అంకెలా తిప్పితే సెట్ అవుతుంది. అదేం పెద్ద పని?

తిరకాసు
అలా తిప్పడం వల్ల ఫోనుతోపాటు కదిలే అయస్కాంతత్వం లెక్కలోకి వస్తుంది. పక్కనున్న కారుది రాదు.

కొండదారి
అసలు మ్యాప్‌తో కంపాస్ ఎందుకు కావాలో ఒక ఉదాహరణ చెప్తాను. నువ్వు ఎక్కడున్నావో తెలియదు. మ్యాప్‌లో ఉన్న రెండు శిఖరాలు కళ్లకి కనిపిస్తున్నాయి. ఒకదాని బేరింగ్ 40°, రెండోదానిది 310°. నీ చోటు మ్యాప్‌లో తెలియదు కాబట్టి నీ దగ్గర నుంచి గీత గీయలేవు. శిఖరాల చోటు తెలుసు, అక్కడి నుంచి వెనక్కి గీయాలి. మొదటి శిఖరం నుంచి 220°, రెండోదాని నుంచి 130°. రెండు గీతలూ కలిసిన చోట నువ్వున్నావు. దీన్నే రిసెక్షన్ అంటారు. మొదటి_ముల్లు, నీ బ్యాక్ బేరింగ్ పనికొచ్చేది ఇలాంటి చోటే.

రెండు గీతలు దాదాపు లంబంగా కోసుకునేలా గుర్తులు ఎంచుకోవాలి. పక్కపక్కనే ఉన్న శిఖరాలు తీసుకుంటే గీతలు ఏటవాలుగా కలుస్తాయి, ఒక డిగ్రీ తప్పుకే నీ చోటు ఎక్కడికో జారిపోతుంది. మూడో గుర్తు కూడా చూస్తే మూడు గీతలూ ఒకే బిందువులో కలవవు, చిన్న త్రిభుజం వస్తుంది. చిన్నదైతే సంతోషించు. పెద్దదైతే ఒక శిఖరాన్ని తప్పుగా గుర్తుపట్టావని అర్థం.

మొదటి_ముల్లు
ఒక డిగ్రీ తప్పితే ఎంత దూరం పోతాం?

మినిట్స్_లెక్క
కిలోమీటరుకి దాదాపు 17.5 మీటర్లు. 5 కిలోమీటర్లు నడిస్తే 87 మీటర్లు పక్కకి.

కొండదారి
అందుకే సన్నని వంతెన కోసం నేరుగా గురిపెట్టి నడవం. కావాలనే కాస్త ఎడమకి గురిపెడతాం. వాగు కనిపించగానే వంతెన కుడి పక్కనే ఉందని తెలుస్తుంది. నేరుగా వెళ్తే వాగు దగ్గర నిలబడి కుడికా ఎడమకా అని తల గోక్కోవాలి.

నక్షా_నాగు
కొండదారి గారు ఒక మెట్టు దాటేశారు. కంపాస్ బేరింగ్ తీసుకెళ్లి నేరుగా మ్యాప్ మీద పెట్టారు. డెక్లినేషన్ ఏది?

మొదటి_ముల్లు
ఆ! మా రెండోవాడు చెప్పింది ఇదే కదా?

నక్షా_నాగు
మీవాడు మాట పట్టుకొచ్చాడు, చోటు తప్పాడు. డెక్లినేషన్ మీ ట్రావర్స్ మొత్తానికి ఒకేలా ఉంటుంది. ఫోర్‌కీ బ్యాక్‌కీ సమానంగా కలిపితే తేడా మారదు. 181°30′ అలాగే 181°30′గా ఉంటుంది. అది కావాల్సింది అయస్కాంత ఉత్తరాన్ని నిజ ఉత్తరంగా మార్చేటప్పుడు.

ముల్లు చూపించేది భూమి ఇరుసు కొసని కాదు. 1831లో జేమ్స్ క్లార్క్ రాస్ కెనడా ఆర్కిటిక్‌లో ఉత్తర అయస్కాంత ధ్రువం దగ్గరికి చేరాడు. ఇప్పుడు అది అక్కడ లేదు, సైబీరియా వైపు జరుగుతూ పోతోంది. 2000 తర్వాత కొన్నేళ్లు ఏటా 50 కిలోమీటర్లకి పైగా పరుగెత్తింది, ఇప్పుడు కొంచెం నెమ్మదించింది. ఎంత వేగం అంటే, ఐదేళ్లకోసారి మార్చే వరల్డ్ మాగ్నెటిక్ మోడల్‌ని (భూమి అయస్కాంత క్షేత్రపు లెక్క) 2019లో గడువు రాకముందే సవరించాల్సి వచ్చింది. అయితే ముల్లు తిన్నగా ధ్రువానికే గురిపెడుతుందని కూడా అనుకోవద్దు, అది నువ్వున్న చోట భూమి క్షేత్రం ఎటుంటే అటు నిలబడుతుంది. అందుకే డెక్లినేషన్ చోటుని బట్టి మారుతుంది. ఒకే డెక్లినేషన్ ఉన్న చోట్లని కలుపుతూ గీసే గీతలు ఐసోగోనిక్ గీతలు. అట్లాంటిక్ సముద్రానికి అలాంటి పటాన్ని ఎడ్మండ్ హేలీ 1701లోనే అచ్చువేయించాడు. అవును, తోకచుక్క హేలీయే.

కొండదారి
కలపాలా తీసేయాలా అన్నది కూడా రాయండి. మ్యాప్‌లో ఉన్నదానికి పడమర డెక్లినేషన్ అయితే కలపాలి, తూర్పు అయితే తీసేయాలి. మేం చేసేది ఇదే.

మినిట్స్_లెక్క
తిరగేసి రాశారు. తూర్పు అయితే కలపాలి, పడమర అయితే తీసేయాలి.

కొండదారి
ఏళ్ల తరబడి నడుస్తున్నా, దారి తప్పలేదు సర్.

మినిట్స్_లెక్క
ఏళ్ల తరబడి లెక్కలు చేస్తున్నా, నేనూ తప్పలేదు.

మూడో_కాలు
ఇద్దరూ తప్పిపోలేదు కాబట్టి ఇద్దరూ కరెక్టే. తీర్పు అయిపోయింది.

పాత_ట్రైపాడ్
నవ్వులాటకి అన్నా తీర్పు మాత్రం సరైనదే. మినిట్స్ చెప్తున్నది కంపాస్ నుంచి మ్యాప్‌కి, కొండదారి చెప్తున్నది మ్యాప్ నుంచి కంపాస్‌కి. డెక్లినేషన్ 10° పడమర అనుకోండి. కంపాస్ 100° చూపిస్తే నిజ బేరింగ్ 90°. అదే మ్యాప్ మీద 90° కొలిస్తే కంపాస్‌లో పెట్టుకోవాల్సింది 100°. కలుపుడు, తీసివేత బట్టీ పట్టకుండా కాగితం మీద రెండు ఉత్తరాలు గీసి చూసుకుంటే పదిసార్లు చేసినా తప్పురాదు.

తిరకాసు
రెండు ఉత్తరాలు కాదు, మూడు. మ్యాప్ మీద నిలువు గ్రిడ్ గీతలు చూపించేది గ్రిడ్ ఉత్తరం. అది నిజ ఉత్తరం కాదు. గుండ్రటి భూమిని చదును కాగితం మీద పరిచారు కాబట్టి జోన్ మధ్య గీత మీదా, భూమధ్యరేఖ మీదా తప్ప ఇంకెక్కడా రెండూ కలవవు.

మొదటి_ముల్లు
ఇంకోటి కూడానా 😭

తిరకాసు
భయపడకు. యూటీఎం (మ్యాప్ గ్రిడ్ పద్ధతి) జోన్ వెడల్పు 6 డిగ్రీలు, మధ్య గీత నుంచి అంచు 3 డిగ్రీల దూరం. తేడా సుమారుగా ఆ 3ని అక్షాంశం సైన్‌తో గుణిస్తే వస్తుంది. 30వ అక్షాంశం దగ్గర అంచున ఒకటిన్నర డిగ్రీ. చేతి కంపాస్‌తో నడిచేవాడు వదిలేయొచ్చు, సర్వే చేసేవాడు వదలకూడదు. మ్యాప్ అంచున మూడు బాణాలతో ఒక బొమ్మ ఉంటుంది, దాన్ని చదవడం నేర్చుకో.

మూడో_కాలు
బ్యాక్ బేరింగ్ గుర్తుండాలంటే విమానాశ్రయం రన్‌వే చూడండి. ఒక కొసన 09 అని, ఇంకో కొసన 27 అని రాసి ఉంటుంది. అయస్కాంత బేరింగ్‌లో చివరి సున్నా తీసేసిన అంకెలవి, 90, 270. ప్రపంచంలో ఏ రన్‌వే తీసుకున్నా రెండు కొసల తేడా 18. డెక్లినేషన్ జరిగినకొద్దీ కొన్నిచోట్ల ఆ అంకెల్ని చెరిపి కొత్తవి రాస్తారు కూడా.

మొదటి_ముల్లు
ఇది సూపర్. రేపు వైవాలో వాడేస్తా.

కొండదారి
సైన్యంలో డిగ్రీలతోపాటు మిల్స్ కూడా వాడతారు. నాటో లెక్కలో చుట్టుకి 6400. కిలోమీటరు దూరంలో ఒక మిల్ అంటే దాదాపు ఒక మీటరు, కాబట్టి నోటి లెక్కకి బాగుంటుంది. బ్యాక్ బేరింగ్ కావాలంటే 3200 కలపడమో తీయడమో.

నక్షా_నాగు
రెండు స్కేళ్లూ ఉన్న కంపాస్ కొనుక్కుని మిల్స్ రింగుని డిగ్రీలనుకుని చదివేవాళ్లని దేవుడే కాపాడాలి. 800 డిగ్రీలు అని రాసుకొచ్చాడు ఒకాయన.

మూడో_కాలు
రెండు చుట్లు తిరిగి ఇంకా ముందుకి పోయాడు.

మొదటి_ముల్లు
ఈ రోజు గొలుసు దూరంగా పడేయించి డి దగ్గర మళ్లీ తీశాం. డీసీ 30°00′, డీఏ 318°45′. మొన్న లెక్కలో డీసీ 30°15′ రావాలి కదా, 15′ తక్కువ వచ్చింది. మళ్లీ ఏదో ఉందా?

గొలుసు_మనిషి
లేదు. ఆకర్షణ అయితే రెండింటినీ ఒకేలా లాగాలి. నీకు డీఏ సరిగ్గా వచ్చింది, డీసీ ఒక్కటే పావు డిగ్రీ తప్పింది. అది కంటి తేడా. కంపాస్ ట్రావర్స్‌లో కోణాల మొత్తానికి 15′ని స్టేషన్ల సంఖ్య వర్గమూలంతో గుణించినంత దాకా తప్పు ఒప్పుకుంటారు, నాలుగు స్టేషన్లకి 30′. ఈసారి డి కోణం 71°15′ అవుతుంది, మొత్తం 359°45′. హద్దులోనే ఉంది, కోణానికి కాస్త కాస్త పంచేసి రికార్డు రాసేయ్.

మూడో_కాలు
చివరికి "పంచేయ్" అన్నవాడే గెలిచాడు.

గొలుసు_మనిషి
కంటి తేడాని పంచొచ్చు. కంచెని పంచకూడదు.

నక్షా_నాగు
దూరం ఎంత ఉండాలో తెలియనివాళ్లకి ఒక కొలత. అమెరికా సైన్యం మ్యాప్ రీడింగ్ మాన్యువల్‌లో హైటెన్షన్ లైన్లకి 55 మీటర్లు, ట్రక్కుకి 18 మీటర్లు దూరంగా ఉండమని రాశారు. బెల్టు బకిల్, తాళాల గుత్తి, ఫోను జేబులోంచి తీసి పక్కవాడికివ్వండి. ఇచ్చాక పక్కవాణ్ణి కూడా దూరంగా పంపండి.

సన్నజాజి_సర్వే
పాత మ్యాప్ గురించి అడగాలి. మా దగ్గరున్న దాని అంచున "1995లో డెక్లినేషన్ 1°30′ పడమర, ఏటా 2′ తూర్పుకి" అని ఉంది. ఇప్పుడు ఏది వాడాలి?

మినిట్స్_లెక్క
2025కి లెక్క కడితే 30 ఏళ్లు, ఏటికి 2′ చొప్పున 60′. మార్పు తూర్పుకి కాబట్టి పడమర తగ్గుతుంది, 1°30′ కాస్తా 0°30′ పడమర. కంపాస్ 72°00′ చూపిస్తే నిజ బేరింగ్ 71°30′.

తిరకాసు
ఏటా 2′ అన్నది 1995 నాటి వేగం. ముప్పై ఏళ్లు అదే వేగంతో పోయిందని ఎవరు చెప్పారు? నాలుగైదేళ్లకైతే ఆ లెక్క సరే. ఇంత పాతదానికి ఇప్పటి మాగ్నెటిక్ మోడల్ కాలిక్యులేటర్‌లో అక్షాంశం, రేఖాంశం, తేదీ కొట్టి చూసుకోండి. 2025 మోడల్ వచ్చేసింది.

సన్నజాజి_సర్వే
రోజులో కూడా మారుతుందంటారు, నిజమేనా?

తిరకాసు
మారుతుంది, మామూలు రోజుల్లో కొన్ని నిమిషాల (′) కోణమే. అర డిగ్రీ గీతల కంపాస్‌లో కనిపించదు. అయస్కాంత తుపాను వచ్చిన రోజు మాత్రం పని ఆపుకోవడం మంచిది.

సన్నజాజి_సర్వే
ఇంకోటి, ముల్లు ఒక పక్క వంగి గాజుకి రాసుకుంటోంది. వేరే దేశం నుంచి తెప్పించిన కంపాస్.

పాత_ట్రైపాడ్
భూమి క్షేత్రం నేలకి సమాంతరంగా ఉండదు, అయస్కాంత మధ్యరేఖ దగ్గర తప్ప. ఉత్తరార్ధగోళంలో ముల్లు ఉత్తరపు కొస కిందికి వంగుతుంది, దక్షిణార్ధగోళంలో దక్షిణపు కొస. తయారుచేసేవాళ్లు అమ్మే ప్రాంతాన్ని బట్టి బరువు సరిచూస్తారు. మీది ఇంకో ప్రాంతానికి సరిచేసింది అయ్యుంటుంది. సర్వేయర్ కంపాస్ అయితే ముల్లు మీద చిన్న తీగచుట్ట ఉంటుంది, పైకి లేచిన కొస వైపుకి దాన్ని జరపండి. నూనె నింపిన బేస్‌ప్లేట్ కంపాస్ అయితే విప్పడానికి వీలుండదు, మార్చుకోవడమే.

సన్నజాజి_సర్వే
తీగచుట్ట ఉంది. వెంట్రుకవాసి జరిపితే గాజుని వదిలేసింది. రెండు కొసలూ రింగుకి సమానంగా వచ్చేదాకా జరపాలా, తగలకుండా ఉంటే చాలా?

పాత_ట్రైపాడ్
సమానంగా రావాలి. వంగి ఉంటే తగలకపోయినా కొసని పక్క నుంచి చదువుతారు, గీత తప్పుతుంది. ఇత్తడి పట్టకారుతో జరపండి. ఇనుప స్క్రూడ్రైవర్ దగ్గరికి తేవద్దు.